పంపు మోటారును మెల్లగా ఆపడం: సాఫ్ట్ స్టాప్ సెట్ చేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

పంపు హౌస్‌లో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. స్టాప్ బటన్ నొక్కుతారు. మోటారు మోత తగ్గుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు నేల అడుగు నుంచి ‘ధన్’మని దెబ్బ. ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు, తలుపు మూసుకుంది. గేజీ ముల్లు ఒక్కసారిగా కుడివైపు చివరికి పోయి, వెనక్కి వచ్చి, కాసేపు వణుకుతుంది. కొత్త ఆపరేటరు ఉలిక్కిపడతాడు. పాత ఆపరేటరు తల కూడా తిప్పడు. రోజుకు ఆరుసార్లు వింటున్నాడు మరి.

ఇప్పుడు ప్యానెళ్లలో సాఫ్ట్ స్టార్టర్, అంటే మోటారును మెల్లగా స్టార్ట్ చేసే, మెల్లగా ఆపే పరికరం, మామూలైపోయింది. కానీ నేను చూసిన వాటిలో సగానికి పైగా స్టార్టింగు కోసమే పనిచేస్తున్నాయి. స్టాప్ టైమ్ సున్నా దగ్గరే ఉంటుంది. చాలా యూనిట్లు ఫ్యాక్టరీ నుంచే అలా వస్తాయి, పెట్టినవాళ్లు దాన్ని ముట్టుకోరు. డబ్బు పెట్టి కొన్న పరికరంలో సగం పని వాడకుండా వదిలేసినట్టే. ఆ మిగతా సగాన్ని ఎలా వాడుకోవాలో, అది ఎక్కడ పనికిరాదో చెబుతాను.

ఆపగానే పైపులో ఏం జరుగుతుంది

లెక్కల కోసం ఒక మామూలు స్కీము తీసుకుందాం. ఫిల్టర్ బెడ్ల పక్కన పంపు హౌస్. 75 హెచ్‌పీ మోటారు, అంటే 55 కిలోవాట్లు. 415 వోల్టులు, ఫుల్ లోడ్ కరెంటు సుమారు 96 ఆంపియర్లు, 1475 ఆర్‌పీఎం. సెంట్రిఫ్యూగల్ పంపు గంటకు 250 ఘనపు మీటర్లు తోడుతోంది. అక్కడి నుంచి గుట్ట మీది రిజర్వాయరుకు 300 ఎంఎం డీఐ (డక్టైల్ ఐరన్) పైపు, పొడవు 1.8 కిలోమీటర్లు. ఎత్తు తేడా 44 మీటర్లు. పైపు రాపిడికి ఇంకో 6 మీటర్లు. మొత్తం హెడ్, అంటే పంపు నీటిని ఎక్కించాల్సిన లెక్క ఎత్తు, 50 మీటర్లు. డెలివరీ వాల్వు మూసి నడిపితే ఆ పంపు ఇచ్చే హెడ్, అంటే షటాఫ్ హెడ్, 60 మీటర్లు.

ఆ పైపు నిండా దాదాపు 127 టన్నుల నీళ్లుంటాయి. సెకనుకు ఒక మీటరు లెక్కన, మనిషి నింపాదిగా నడిచినట్టు, గుట్ట ఎక్కుతుంటాయి. పది టైర్ల లోడు లారీలు నాలుగైదింటిని ఒకదాని వెనక ఒకటి కట్టి లాగుతున్నట్టు అనుకోండి.

స్టాప్ నొక్కగానే మోటారుకు కరెంటు ఆగుతుంది. రోటరు, ఇంపెల్లరు బరువు ఎంతని? అర సెకను తిరిగేలోపే పంపు హెడ్ చాలావరకు పడిపోతుంది. నీళ్లు మాత్రం ఆగవు, ముందుకే పోతాయి. వెనక నుంచి తోసేది లేక పంపు దగ్గర ప్రెషర్ కిందికి జారుతుంది. ఆ జారుడు ఒక అలలాగా పైపు వెంట రిజర్వాయరు దాకా వెళ్లి తిరిగి వస్తుంది. డీఐ పైపులో ఆ అల వేగం సెకనుకు దాదాపు 1100 మీటర్లు. రానూపోనూ 3.6 కిలోమీటర్లు, అంటే 3.3 సెకన్లు. అల తిరిగి వచ్చేసరికి నీళ్లు వెనక్కి మళ్లుతాయి. అప్పటికే ఎన్‌ఆర్‌వీ మూసుకుని ఉంటే గొడవ లేదు. బరువైన స్వింగ్ తలుపు ఇంకా సగం తెరిచే ఉంటే, వెనక్కి వచ్చే నీళ్లు దాన్ని విసురుగా మూస్తాయి. ‘ఒకటి, రెండు, మూడు, ధన్’ అన్న లెక్క అక్కడి నుంచే వచ్చింది.

ఆ దెబ్బ ఎంత ఉంటుందో 1898లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి చెప్పాడు. అల వేగాన్ని నీటి వేగంలో వచ్చిన మార్పుతో గుణించి 9.81తో భాగించాలి. జవాబు మీటర్లలో వస్తుంది. మన లైనులో నిండు ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోతే 1100 × 0.98 ÷ 9.81, అంటే 110 మీటర్లు, గేజీ మీద 11 కేజీలు (చదరపు సెంటీమీటరుకు). వెనక్కి వచ్చే నీళ్లకు ముందుకు పోయినంత వేగం ఉండదు కాబట్టి స్టాప్ చేసినప్పుడు నిజంగా పడే దెబ్బ ఇంతకంటే తక్కువే. అయినా వెనక్కి సెకనుకు 30 సెంటీమీటర్ల వేగం పుంజుకున్నాక తలుపు పడినా చాలు, దాదాపు 34 మీటర్లు అదనంగా పడుతుంది.

దెబ్బ గురించి అందరూ మాట్లాడతారు. దానికి ముందు వచ్చే ప్రెషర్ తగ్గుదల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. లైను ఏ గుట్ట మీదనుంచో, బ్రిడ్జి మీదనుంచో పోతుంటే ఆ ఎత్తైన చోట లోపల వాక్యూమ్ ఏర్పడుతుంది. కీళ్ల దగ్గర రబ్బరు రింగు సందుల్లోంచి బయటి బురదనీళ్లను పైపు లోపలికి లాక్కుంటుంది. తాగునీటి లైనుకు ఇది పగులు కంటే పెద్ద సమస్య.

సాఫ్ట్ స్టాప్ చేసేది ఒక్కటే: పంపు హెడ్‌ను అర సెకనులో కాకుండా పది పదిహేను సెకన్లు తీసుకుని దించడం. అల వెళ్లి వచ్చే సమయానికి ఇది కనీసం మూడు నాలుగు రెట్లు ఉంటే నీళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. ఎన్‌ఆర్‌వీ తలుపు ప్రవాహంతోపాటే దిగి, చప్పుడు లేకుండా కూర్చుంటుంది.

మొదటి పని: అసలు అవసరమా?

పొలంలో 5 హెచ్‌పీ బోరు, పక్కనే కాలువలోకి నీళ్లు. దీనికి సాఫ్ట్ స్టాప్ ఎందుకు? అక్కర్లేదు. అపార్టుమెంటు సంపు నుంచి ట్యాంకుకు పోయే 3 హెచ్‌పీ పంపు అయితే మంచి స్ప్రింగ్ ఎన్‌ఆర్‌వీ పెడితే చాలా వరకు సరిపోతుంది. లైను పొడవు కొన్ని వందల మీటర్లు దాటి, మోటారు 20 హెచ్‌పీకి పైన ఉండి, ఆపినప్పుడు చప్పుడు వస్తున్నా, ప్యాకింగులు మాటిమాటికీ పోతున్నా, పైపు సపోర్టుల దగ్గర సిమెంటు పగుళ్లిస్తున్నా అప్పుడు ఆలోచించాలి.

సాఫ్ట్ స్టార్టర్లు లేని రోజుల్లో మంచి ఆపరేటర్లు ఇదే పనిని చేత్తో చేసేవాళ్లు. ముందు డెలివరీ స్లూయిస్ వాల్వు మెల్లగా మూసి, ఆ తర్వాతే మోటారు ఆపేవాళ్లు. ఇప్పటికీ ఇది తప్పేమీ కాదు. కాకపోతే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. స్లూయిస్ వాల్వు సగం మూసినా ప్రవాహం పెద్దగా తగ్గదు, అసలు కోత చివరి కొన్ని చుట్లలోనే పడుతుంది. కాబట్టి మొదట గబగబా తిప్పినా పర్వాలేదు, చివరి చుట్లు నిదానంగా తిప్పాలి. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. రెండోది, ఈ పద్ధతి మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుకే. యాక్సియల్ ఫ్లో పంపుకు (నీటిని షాఫ్టు వెంటే తోసే రకం) వాల్వు మూస్తే లోడు తగ్గకపోగా పెరుగుతుంది, మోటారు మీదికి వస్తుంది.

రెండో పని: నాలుగు అంకెలు రాసుకోండి

ప్యానెల్ తలుపు తెరవకముందే కాగితం మీద ఇవి ఉండాలి: పైపు పొడవు, పైపు దేనితో చేసింది, నీటి వేగం, ఎత్తు తేడా. వీటికి తోడు పంపు నేమ్‌ప్లేటు, కర్వు (ఎంత ప్రవాహానికి ఎంత హెడ్డో చూపే గీత) దొరికితే షటాఫ్ హెడ్. కర్వు దొరక్కపోతే డెలివరీ వాల్వు పూర్తిగా మూసి, ఒక్క నిమిషం లోపే, గేజీ చూసి రాసుకోవచ్చు. గేజీలో ఒక కేజీ అంటే పది మీటర్లు.

నీటి వేగానికి ఫ్లో మీటర్ రీడింగును పైపు అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి. 300 ఎంఎం పైపుకు వైశాల్యం 0.0707 చదరపు మీటర్లు. గంటకు 250 ఘనపు మీటర్లంటే సెకనుకు 0.0694, భాగిస్తే 0.98.

అల వేగం డీఐ, కాస్ట్ ఐరన్, స్టీలు పైపుల్లో సెకనుకు 1000 నుంచి 1200 మీటర్ల మధ్య ఉంటుంది. పీవీసీలో 300 నుంచి 500. హెచ్‌డీపీఈ పైపు ఇంకా మెత్తన కాబట్టి అందులో ఇంకొంచెం తక్కువ. పీవీసీలో దెబ్బ తక్కువ కదా అని సంబరపడొద్దు. ఆ పైపు క్లాసు కూడా 6 కేజీలో 10 కేజీలో మాత్రమే ఉంటుంది.

ఇప్పుడు పొడవును రెట్టింపు చేసి అల వేగంతో భాగించండి. మన స్కీముకు 3.3 సెకన్లు వచ్చింది. సాఫ్ట్ స్టాప్‌లో నీటి వేగం నిజంగా తగ్గే సమయం దీనికి కనీసం మూడు నాలుగు రెట్లు ఉండాలి. ‘నిజంగా తగ్గే సమయం’ అన్న మాట మీదే మొత్తం కథ నడుస్తుంది. మెనూలో మీరు కొట్టే అంకె, ఇది ఒకటి కావు.

మూడో పని: ఆ సన్నని కిటికీని పట్టుకోవడం

పంపు ఇచ్చే హెడ్ స్పీడు వర్గాన్ని బట్టి మారుతుంది. మన పంపు షటాఫ్ హెడ్ 60 మీటర్లు, రిజర్వాయరు ఎత్తు 44. స్పీడు తగ్గుతూ తగ్గుతూ షటాఫ్ హెడ్ 44కి వచ్చిందంటే ఇక నీళ్లు పైకి ఎక్కవు. అది ఎప్పుడు? 44ను 60తో భాగించి వర్గమూలం తీస్తే 0.856. అంటే 1475 ఆర్‌పీఎం కాస్తా సుమారు 1260కి పడగానే ప్రవాహం సున్నా. ఎన్‌ఆర్‌వీ మూసుకునేది అక్కడే.

ఇంకోసారి చదవండి. సున్నా ఆర్‌పీఎం దాకా కాదు, 1475 నుంచి 1260 దాకా. నిండు ప్రవాహం మొత్తం ఆ 215 ఆర్‌పీఎంలోనే ఆగిపోతుంది. 1260 కింద మోటారు ఎంత నెమ్మదిగా దిగినా పైపుకు ఒరిగేదేమీ లేదు, అక్కడ ఊరికే మోటారు వేడెక్కుతుంది. ఎత్తు తేడా ఎక్కువ, రాపిడి తక్కువ ఉన్న స్కీముల్లో ఈ కిటికీ ఇంకా సన్నగా ఉంటుంది.

సాఫ్ట్ స్టార్టర్ మోటారు స్పీడును నేరుగా పట్టుకోలేదు. లోపల ఒక్కో ఫేజులో ఎదురెదురుగా రెండు థైరిస్టర్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ఉండి, వోల్టేజీని కోసి తగ్గిస్తాయి, అంతే. టార్కు, అంటే మోటారు తిప్పే బలం, వోల్టేజీ వర్గాన్ని బట్టి పడుతుంది: సగం వోల్టేజీకి పావు టార్కు. ఫ్రీక్వెన్సీ మాత్రం 50 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. కాబట్టి మోటారు వీలైనంత సేపు తన స్పీడునే పట్టుకు వేలాడుతుంది.

మామూలు స్క్విరెల్ కేజ్ మోటారు గరిష్ఠ టార్కు ఫుల్ లోడ్ టార్కుకు రెండున్నర రెట్ల దాకా ఉంటుంది. మన పంపు అడిగేది ఫుల్ లోడ్‌లో 80 శాతం. వోల్టేజీ 100 నుంచి 60 శాతానికి దిగేదాకా మోటారుకు ఇంకా సత్తా ఉంటుంది, స్పీడు కొద్దిగానే తగ్గుతుంది. అక్కడ దాటగానే చేతులెత్తేస్తుంది. అందుకే 20 సెకన్ల తిన్నని వోల్టేజీ ర్యాంపు (వోల్టేజీని సమంగా దించుకుంటూ పోవడం) పెట్టి చూస్తే మొదటి ఏడెనిమిది సెకన్లు ఏమీ జరగదు, ఆ తర్వాత రెండు మూడు సెకన్లలో స్పీడు కూలిపోతుంది, మిగతా సమయమంతా దండగ. ‘20 సెకన్లు పెట్టినా దెబ్బ ఆగలేదండీ’ అని ఫోన్ వచ్చిందంటే పది కేసుల్లో తొమ్మిది ఇదో, కింద చెప్పబోయే వైరింగు తప్పో.

దీనికి మందు రెండు రకాలు. యూనిట్‌లో టార్క్ కంట్రోల్ గానీ, పంప్ స్టాప్ అనే మోడ్ గానీ ఉంటే అదే వాడండి. అది మోటారు కరెంటు, పవర్ చూసుకుంటూ టార్కును గీత గీసినట్టు దించుతుంది, వోల్టేజీని తనే సర్దుకుంటుంది. పంపులకు పెట్టే యూనిట్ కొంటున్నప్పుడు ఈ మోడ్ ఉందా అని తప్పకుండా అడగాలి. కొంచెం ఎక్కువ ధరైనా నేను దీనికే ఓటేస్తాను. ఆ మోడ్ లేని పాత యూనిట్ అయితే స్టెప్ డౌన్ వోల్టేజీ అనే సెట్టింగు ఉంటుంది. స్టాప్ నొక్కగానే వోల్టేజీని ఒక్క అడుగులో 75 శాతానికి దించి, అక్కడి నుంచి ర్యాంపు మొదలుపెడుతుంది. ఏమీ జరగని మొదటి భాగాన్ని దాటేసినట్టు.

నాలుగో పని: ప్యానెల్ వైరింగు

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక స్కీములో సాఫ్ట్ స్టాప్ పనిచేయడం లేదని పిలిచారు. మంచి యూనిట్, టార్క్ మోడ్, 15 సెకన్లు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆపితే మాత్రం ధన్. మధ్యాహ్నం దాకా సెట్టింగులు మార్చీ మార్చీ విసిగిపోయాను. చివరికి పక్కనున్న హెల్పరు అన్నాడు: “సార్, స్టాప్ నొక్కగానే లోపల కాంటాక్టరు టక్‌మంటోంది కదా.” అప్పుడు తలుపు తీసి చూశాను. స్టాప్ బటన్ నేరుగా మెయిన్ కాంటాక్టరు (సప్లై కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌ను తెంపుతోంది. సాఫ్ట్ స్టార్టర్‌కే సప్లై పోతే అది ఇక మెల్లగా ఏం ఆపుతుంది? పాత స్టార్-డెల్టా ప్యానెల్లో స్టార్టర్ మాత్రం మార్చి, కంట్రోల్ వైరింగు అలాగే ఉంచేశారు. చప్పుడు వినాల్సింది పైపులోనే కాదు, ప్యానెల్లో కూడా అని ఆ రోజు నేర్చుకున్నాను.

సరైన వైరింగు ఇలా ఉండాలి. స్టాప్ బటన్, ట్యాంకు నిండిన ఫ్లోటు, టైమరు, స్కాడా (దూరం నుంచి నడిపే కంప్యూటర్ వ్యవస్థ) నుంచి వచ్చే ఆదేశం, ఇవన్నీ సాఫ్ట్ స్టార్టర్ రన్ ఇన్‌పుట్‌ను మాత్రమే తీసేయాలి. మెయిన్ కాంటాక్టరును సాఫ్ట్ స్టార్టర్ రన్ రిలే పట్టి ఉంచాలి. ర్యాంపు పూర్తయ్యాకే ఆ రిలే వదులుతుంది, అప్పుడే కాంటాక్టరు పడాలి.

ఎమర్జెన్సీ స్టాప్ దీనికి మినహాయింపు. అది నేరుగా కాంటాక్టరునే తెంపాలి. కప్లింగులో గుడ్డ చిక్కుకున్నప్పుడు పైపు దెబ్బ గురించి ఆలోచించకూడదు. డ్రై రన్ రిలేకు కూడా వెంటనే ఆపడమే మంచిది, నీళ్లే లేనప్పుడు దెబ్బ ఎక్కడిది?

ప్యానెల్లో ఇంకా చూడాల్సినవి:

- కెపాసిటర్లు సాఫ్ట్ స్టార్టర్‌కు, మోటారుకు మధ్య ఎప్పుడూ ఉండకూడదు. పాత ప్యానెళ్లలో మోటారు టెర్మినళ్ల దగ్గరే కట్టేసి ఉంటాయి. వాటిని సప్లై వైపుకు మార్చి, విడి కాంటాక్టరు పెట్టి, బైపాస్ కాంటాక్టరు (ఫుల్ స్పీడు వచ్చాక థైరిస్టర్లను పక్కనపెట్టి కరెంటు ఇచ్చేది) పడ్డాకే కలిసేలా, స్టాప్ మొదలవగానే విడిపోయేలా చేయాలి. లేకపోతే థైరిస్టర్లు పోతాయి.
- బైపాస్ కాంటాక్టరు స్టాప్ ఆదేశం రాగానే తెరుచుకోవాలి. కాంటాక్టులు అతుక్కుపోతే మోటారు ఆగదు.
- స్టాప్‌లో ఉన్నా అవుట్‌పుట్ టెర్మినళ్లలో వోల్టేజీ ఉండొచ్చు. థైరిస్టర్లు పూర్తిగా తెంపవు, కొన్ని చవక యూనిట్లలో ఒక ఫేజు నేరుగానే పోతుంది. మోటారు ముట్టుకునే ముందు ఐసోలేటరు తీసి, తాళం వేసి, టెస్టరు పెట్టి చూడాలి. డిస్‌ప్లే మీద ‘స్టాప్’ కనబడింది కదా అని చేయి పెట్టొద్దు.

ఐదో పని: సెట్టింగులు

మన 75 హెచ్‌పీ స్కీముకు నేను మొదలుపెట్టే అంకెలు ఇవి. టార్క్ మోడ్ ఉంటే స్టాప్ టైమ్ 15 సెకన్లు. వోల్టేజీ ర్యాంపు మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ 75 శాతం, ఆఖరి వోల్టేజీ 40 శాతం, టైమ్ 15 సెకన్లు. మోటారు కరెంటు నేమ్‌ప్లేటు మీదున్నదే, 96. చేతికొచ్చిన అంకె వేయొద్దు. టార్క్ లెక్క, ఓవర్‌లోడ్ లెక్క రెండూ దీని మీదే నడుస్తాయి.

ఆపుతుంటే ఆంపియర్లు పెరుగుతాయి. మొదటిసారి చూసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. వోల్టేజీ తగ్గినా పంపు టార్కు అడుగుతూనే ఉంటుంది కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. స్పీడు పడిపోయే దగ్గర ఫుల్ లోడ్‌కు రెండు రెట్లు దాటడం మామూలే. అందుకే వేడి విషయంలో ఒక సాఫ్ట్ స్టాప్‌ను దాదాపు ఒక స్టార్ట్ కింద లెక్కేసుకోవాలి. గంటకు ఆరు స్టార్టులకని కొన్న యూనిట్‌లో సాఫ్ట్ స్టాప్ కూడా వాడుతుంటే, గంటకు మూడుసార్లు ఆన్-ఆఫ్ చేస్తేనే దాని కోటా అయిపోతుంది. చిన్న ట్యాంకు, ఫ్లోటు పది నిమిషాలకోసారి ఆన్-ఆఫ్ చేస్తుంటే ముందు ఫ్లోటు లెవెళ్ల మధ్య దూరం పెంచండి.

అండర్‌లోడ్ ట్రిప్ ఆన్‌లో ఉంటే, ర్యాంపు మధ్యలో లోడు తగ్గడం చూసి అది డ్రై రన్ అనుకుని ట్రిప్ ఇవ్వొచ్చు. ట్రిప్ అయితే మోటారు ఒక్కసారిగా వదిలేస్తుంది, పడ్డ కష్టమంతా వృథా. ఆ ప్రొటెక్షన్ ఫుల్ స్పీడులో నడిచేటప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టాలి.

ఆరో పని: గేజీ ముందు నిలబడి ట్యూన్ చేయడం

ఎన్‌ఆర్‌వీ తర్వాత, పైపు వైపు ఒక మంచి గ్లిసరిన్ గేజీ పెట్టండి. నడిచే ప్రెషర్‌కు కనీసం మూడు రెట్ల రేంజి ఉండాలి. మనకు 16 కేజీలది. ముల్లు వేగాన్ని కంటితో పట్టుకోలేం. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి తర్వాత చూడటమే సులువు. ప్యానెల్ దగ్గర ఇంకొకరు ఆంపియర్లు చదువుతూ ఉండాలి.

ముందుగా సాఫ్ట్ స్టాప్ లేకుండా దెబ్బ ఎంతుందో ఒక రీడింగు కావాలి. దీనికి డెలివరీ వాల్వు చాలావరకు మూసి, ప్రవాహం సగానికి తగ్గించి ఆపండి. నిండు ప్రవాహంతో పాత పైపు మీద ప్రయోగం చేయొద్దు.

తర్వాత సాఫ్ట్ స్టాప్ 15 సెకన్లు పెట్టి, వాల్వు నిండుగా తెరిచి ఆపండి. గేజీ 5 కేజీల దగ్గర మొదలై మెల్లగా దిగుతూ 4.4 దగ్గర ఆగాలి. అదే రిజర్వాయరు ఎత్తు. ఎన్‌ఆర్‌వీ మూసుకునే క్షణంలో ముల్లు 4.4 పైకి ఎంత ఎగిరిందన్నదే మీ మార్కులు. అర కేజీలోపు ఎగిరి నిలిచిందంటే పని బాగా వచ్చింది. రెండు కేజీలు ఎగిరితే టైమ్ 20కి, 25కి పెంచుతూ పోండి. ప్రతి రెండు స్టాపుల మధ్య ఇరవై నిమిషాల గ్యాప్ ఇవ్వండి, థైరిస్టర్లు చల్లబడాలి.

టైమ్ పెంచినా ఎగురుడు తగ్గకపోతే చూడాల్సింది ఆంపియర్లు. స్టాప్ నొక్కాక చాలాసేపు గేజీ కదలకుండా ఉండి, ఒక్కసారిగా పడుతోందా? స్టెప్ డౌన్ వోల్టేజీని 75 నుంచి 70కి, 65కి దించండి. స్టాప్ నొక్కగానే గేజీ టక్కున పడిందా? స్టెప్ ఎక్కువైంది, 80కి పెంచండి. గేజీ 4.4కి వచ్చి నిలిచాక కూడా మోటారు మూలుగుతూ, ఆంపియర్లు లాగుతూ తిరుగుతోందా? ఆఖరి వోల్టేజీ పెంచండి, లేదా టార్క్ మోడ్‌లో ఆఖరి టార్క్ పెంచండి. అక్కడ నుంచి వదిలేసినా నష్టం లేదు.

ఇంత చేసినా చప్పుడు ఆగకపోతే ఎన్‌ఆర్‌వీ విప్పి చూడండి. పిన్ను అరిగి, తలుపు ఒక పక్కకు వాలి ఇరుక్కుంటుంటే ఏ ర్యాంపూ దాన్ని కాపాడలేదు. పాత స్వింగ్ చెక్ తీసేసి, స్ప్రింగుతో త్వరగా మూసుకునే డ్యూయల్ ప్లేట్ రకమో, నాజిల్ రకమో పెడితే సగం సమస్య తీరుతుంది. ఎత్తు తేడా మరీ ఎక్కువై కిటికీ మరీ సన్నబడితే సాఫ్ట్ స్టార్టర్ వల్ల కాదు, వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) కావాలి. అది ఫ్రీక్వెన్సీనే దించుతుంది కాబట్టి ఆ 215 ఆర్‌పీఎంను ముప్పై సెకన్లకు సాగదీయమన్నా సాగదీస్తుంది.

సబ్‌మెర్సిబుల్‌కు వేరే లెక్క

బోరు సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఇంతసేపు ర్యాంపు పెట్టొద్దు. అడుగునున్న థ్రస్ట్ బేరింగు నీటి పొర మీద తేలుతూ తిరుగుతుంది. స్పీడు బాగా తగ్గితే ఆ పొర ఉండదు, పలకలు ఒకదానికొకటి రాసుకుంటాయి. తయారీదారులు సాధారణంగా ర్యాంపు 3 సెకన్లకు మించొద్దంటారు. మీ మోటారు పుస్తకంలో ఏముందో చూసి అదే పాటించండి. బోరుకు పైన పొడవైన లైను ఉంటే దెబ్బను ఎన్‌ఆర్‌వీలతో, ఎయిర్ వాల్వులతో చూసుకోవాలి.

బోరులో ఎన్‌ఆర్‌వీ లేకపోయినా, కారుతున్నా ఇంకో ప్రమాదం ఉంది. ఆపగానే కాలమ్ పైపులోని నీళ్లు దిగుతూ పంపును ఉల్టా తిప్పుతాయి. ఆ సమయంలో మళ్లీ స్టార్ట్ చేస్తే షాఫ్టు తెగొచ్చు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు గట్టిగా చెప్పారు. అది గ్రిడ్డు మీద లోడు, భూగర్భ జలాల గురించి చెప్పిన మాట. మోటారు వైపు నుంచి చూసినా ఆటో స్టార్టరుకు టైమ్ డిలే లేకపోతే ఇదే ముప్పు.

రెండు మూడు పంపులు ఒకే హెడర్‌లో ఉంటే

ఒక పంపును ఆపుతుంటే మిగతావి హెడర్ (అన్ని పంపుల నీళ్లూ కలిసే పైపు) ప్రెషర్‌ను 44కి పడనివ్వవు, 50 దగ్గరే పట్టి ఉంచుతాయి. అప్పుడు ఆగే పంపు ఎన్‌ఆర్‌వీ 1260 ఆర్‌పీఎం దగ్గర కాదు, 1345 దగ్గరే మూసుకుంటుంది. కిటికీ ఇంకా సన్నబడిందన్నమాట. ట్యూనింగు ఒక్క పంపు నడిచేటప్పుడే కాదు, అన్నీ నడుస్తుండగా ఒకటి ఆపి కూడా చూడాలి. రెండు పంపుల స్టాపులకు మధ్య ఒక నిమిషం గ్యాప్ ఉంచండి, మొదటి దాని అలలు సర్దుకోవాలి.

కరెంటు పోతే

సాఫ్ట్ స్టాప్‌కు సప్లై కావాలి. కరెంటు పోయిన క్షణంలో సాఫ్ట్ స్టార్టర్ కూడా చచ్చిపోతుంది. ఆ స్టాప్‌కు, పాత స్టార్-డెల్టా స్టాప్‌కు తేడా లేదు. పైగా అన్ని పంపులూ ఒకేసారి ఆగుతాయి, అంటే లైనుకు పడే అతి పెద్ద దెబ్బ ఇదే. మన ఊళ్లలో ఫీడరు ట్రిప్పులు ఎన్నో లెక్కేసుకోండి. ‘సాఫ్ట్ స్టార్టర్ పెట్టాం, ఇక సర్జ్ వెసెల్ ఎందుకు’ అని టెండరులోంచి దాన్ని కొట్టేయడం నేను చూశాను. రెండూ చేసే పనులు వేరు. రోజువారీ ఆపడానికి సాఫ్ట్ స్టాప్. కరెంటు పోయిన దెబ్బకు సర్జ్ వెసెల్ (లోపలి గాలితో దెబ్బను మింగే ఎయిర్ వెసెల్), సర్జ్ రిలీఫ్ వాల్వు, ఎత్తైన చోట్ల ఎయిర్ వాల్వులు, కొన్నిచోట్ల మోటారుకు ఫ్లైవీల్. పొడవైన లైనుకు వీటి సైజులు సర్జ్ అనాలిసిస్ చేయించి తేల్చాలి, అంచనాతో పెట్టేవి కావు.

ఉన్న ఎయిర్ వెసెల్‌లో గాలి ఉందో లేదో నెలకోసారి లెవెల్ గ్లాసు చూడండి. గాలి నీళ్లలో కరిగిపోయి, వెసెల్ నిండా నీళ్లు చేరి, లైను మీద ఉత్త డ్రమ్ములా కూర్చున్నవి చాలా ఉన్నాయి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ప్యానెల్ వెంటనే స్టార్ట్ ఇవ్వకుండా టైమరు పెట్టండి. మన లైనుకు రెండు నిమిషాలు చాలు. ఫైనల్ సెట్టింగులు, గేజీ ఎంత ఎగిరిందన్న రీడింగు, తేదీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. ఆరు నెలల తర్వాత కార్డు మార్చినవాళ్లు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి వెళ్లిపోతారు. స్టాప్ టైమ్ మళ్లీ సున్నాకు పోతుంది. అప్పుడు ఆ కాగితమే కావాలి.